మనం మరచిన మఖ్దూం మొహియుద్దీన్

హైదరాబాదు ట్యాంకుబండు మీదుగా నడచి వెళ్ళేవారికి అక్కడ వరుసగా నిలిచిన తెలుగు ప్రముఖుల విగ్రహాలు కానవస్తాయి. 1986లో ప్రతిష్ఠింపబడిన ఆ విగ్రహాలలో నన్నయ, తిక్కన మొదలైన కవీశ్వరులతోబాటు ఒక ఉర్దూ కవికి కూడా స్థానం లభించింది. ఆయనే మఖ్దూం మొహియుద్దీన్. కొంతకాలం క్రితం మా విద్యార్థులు కొందరితో అటుగా వెళ్ళినప్పుడు ఈ మహనీయుడెవరో చెప్పవలసిందని మేము వారిని అడిగాము. ఉర్దూ మాధ్యమంలో చదివే ఒక విద్యార్థి ఆయన గజళ్ళు వ్రాసిన కవి అని బదులు చెప్పాడు. మరొకడు సినిమా పాటలు జ్ఞాపకం చేశాడు. తెలుగు మాధ్యమం విద్యార్థులు పేరు చదివి ఊరకున్నారు. ఆయన కార్మిక నాయకుడని మాత్రం ఏ ఒక్కరూ చెప్పలేదు. ఆ మౌనమే ఈ వ్యాసం వ్రాయటానికి మమ్ము పురికొల్పింది.

మహాపురుషుల జీవితాలలో మనకు సుఖమనిపించిన భాగాన్ని మాత్రమే గుర్తుంచుకొని, కష్టమనిపించిన భాగాన్ని మరచిపోవటం లోకసహజం. మఖ్దూం విషయంలో జరిగింది అదే. ఆయన పాట పెళ్ళిపందిళ్ళలో, ముషాయిరాలలో, రేడియోలో మిగిలింది. ఆయన ఎవరికోసం పాటుపడ్డారో ఆ మనుషుల సంగతి మరుగున పడింది. కవినీ కార్మిక నాయకుణ్ణీ విడదీస్తే ఆ జీవితం మనకు సగమే అర్థమవుతుందని మా అభిప్రాయం.

మఖ్దూం 1908 ఫిబ్రవరి 4వ తేదీన నాటి నిజాము రాజ్యంలోని మెదక్ జిల్లా అందోలు గ్రామంలో జన్మించారు. ఆ గ్రామం నేడు సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. పసితనంలోనే తండ్రి గతించగా, పినతండ్రి బషీరుద్దీన్ చేతులలో పెరిగారు. అది మతనిష్ఠ గల కుటుంబం. మసీదు ఊడ్చటం, నీళ్ళు తోడి పోయటం బాలుడైన మఖ్దూంకు నిత్యకృత్యాలు. పినతండ్రి లోకజ్ఞానం కలవారు. దూరాన రష్యా దేశంలో విప్లవం వచ్చినదనీ, అక్కడ పాలకులూ పాలితులూ ఒకే దస్తర్ఖాన్ చుట్టూ కూర్చుని భోజనం చేస్తారనీ ఆయన చెప్పగా విన్న ఆ బాలునికి ఆ మాట జీవితాంతం గుర్తుండిపోయింది. అది ఎంతవరకు నిజమన్న విచారణ ఆ వయస్సుకు అవసరం లేదు. తన ఊరిలో అటువంటి దస్తర్ఖాన్ లేదన్న సంగతి మాత్రం ఆ పిల్లవాడు కళ్ళారా చూస్తూనే ఉన్నాడు.

ఆ ఊళ్ళ పరిస్థితి ఎటువంటిదో నేటి విద్యార్థులు కొంత తెలుసుకోవాలి. నిజాము రాజ్యపు భూమిలో సుమారు 60 శాతం దివానీ క్రింద, 30 శాతం జాగీర్దారుల క్రింద, 10 శాతం సర్ఫెఖాస్ పేర నిజాము సొంత ఆస్తిగా ఉండేది. పల్లెలలో దేశముఖులు, దేశపాండ్యలు, జాగీర్దారులు చెప్పినదే శాసనం. వెట్టిచాకిరి అక్కడి ఆచారం. మాల మాదిగలు కబుర్లు మోయాలి, సామాను మోయాలి, దొర పొలంలో కూలి లేకుండా పనిచేయాలి. చాకలి గుడ్డలు ఉతకాలి, మంగలి క్షౌరం చేయాలి, కుమ్మరి కుండలు ఇవ్వాలి, గొల్లలు గొర్రెను తోలి పంపాలి. ఒక్కొక్క కులానికి ఒక్కొక్క వెట్టి. వెట్టిని నిషేధిస్తూ ఫర్మానులు వెలువడకపోలేదు. అవి కాగితం దాటి గడీ గుమ్మం తొక్కలేదు. శ్రమకు వెల లేదు, శ్రమించేవానికి విలువ లేదు. మఖ్దూం తరువాత వ్రాసిన హవేలీ అన్న కవితకు మూలం ఈ వ్యవస్థే.

చదువుకోసం హైదరాబాదు చేరిన మఖ్దూంకు నగరంలో నిలువ నీడ లేదు. మసీదులలో తలదాచుకున్న రాత్రులున్నాయి. పిల్లలకు పాఠాలు చెప్పి, పత్రికలకు వ్రాసి, చిత్రపటాలు అమ్మి పొట్టపోసుకున్న రోజులున్నాయి. ఉర్దూ బోధనాభాషగా 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆయన చదివి, 1930ల మధ్యకాలంలో ఎం.ఎ. పట్టం పొందారు. విద్యార్థిగా ఉండగానే హాస్యకవితలకూ నాటకాలకూ పేరుపడ్డారు. మిత్రునితో కలసి బెర్నార్డ్ షా నాటకమొకదానిని ఉర్దూలో హోష్ కే నాఖున్ అన్న పేరుతో అనుసరించి ప్రదర్శించారు. మురికివాడల అద్దెలతో బ్రతికే పెద్దమనుషుల గౌరవం ఏపాటిదో చూపించే నాటకం అది. ఆయన ఏరికోరి తీసుకున్న ఆ ఇతివృత్తమే భవిష్యత్తును సూచించింది. రవీంద్రుని కవిత్వం గురించి కూడా ఆయన ఆ దశకంలోనే ఒక గ్రంథం వెలువరించారు.

పట్టం చేతికి వచ్చినా స్థిరమైన ఉద్యోగం వెంటనే దొరకలేదు. తుదకు 1939లో మూసీ తీరాన ఉన్న సిటీ కాలేజీలో ఉర్దూ అధ్యాపకునిగా నియమితులయ్యారు. మసీదు గచ్చు మీద నిద్రించినవానికి నెలనెలా జీతం, సంఘంలో గౌరవం, విద్యార్థుల ఆదరణ సమకూరాయి. కవిగా అప్పటికే కీర్తి వచ్చింది. సామాన్యుడైతే అక్కడితో తృప్తిపడి ఉండేవాడు. కాని 1941లో ఆయన ఆ ఉద్యోగానికి రాజీనామా చేశారు. ఎవరూ తొలగించలేదు, వేరొక పెద్ద ఉద్యోగమూ ఎదురుచూడలేదు. కార్మికులలో పూర్తికాలం పనిచేయటానికి తానుగా విడిచిపెట్టారు. అదే వృత్తిలో ఉన్న మేము ఈ ఘట్టం దగ్గరకు వచ్చినప్పుడల్లా కలం ఆపి ఆలోచిస్తాము. నెల మొదటి తేదీన జీతం అందుకోవటానికి అలవాటుపడిన చేతితో అటువంటి కాగితం వ్రాయటం ఎంత కష్టమో జీతగాళ్ళకే తెలుస్తుంది.

అప్పటికి నగరంలో అభ్యుదయ భావాలు గల యువకులు కామ్రేడ్స్ అసోసియేషన్ అన్న పేరుతో కూడి చర్చలు జరిపేవారు. మఖ్దూం అందులో ముఖ్యులు. క్రమంగా కమ్యూనిస్టు పార్టీలో ప్రవేశించి, ఆజమాబాదు ప్రాంతపు కర్మాగారాల వైపు నడిచారు. అభ్యుదయ రచయితల సంఘాన్ని హైదరాబాదులో నిలబెట్టినవారిలోనూ ఆయన ఒకరు. 1944లో తొలి కవితా సంపుటి సుర్ఖ్ సవేరా వెలువడింది. ఎర్రని ఉదయం అని ఆ పేరుకు అర్థం.

ఆ కర్మాగారాల చరిత్ర కూడా తెలిస్తేగాని ఆయన పని విలువ తెలియదు. చార్మినారు సిగరెట్ల ఫ్యాక్టరీ, దివాన్ బహద్దూర్ రాంగోపాల్ మిల్లు అప్పటికే ఉన్నాయి. వరంగల్లులో ఆజంజాహి మిల్లు 1934లో వెలసింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో పరిశ్రమలు మరింత పెరిగాయి. ఆల్విన్ సంస్థ 1942లో, ప్రాగా టూల్స్ 1943లో స్థాపింపబడ్డాయి. షాబాదులో సిమెంటు, సింగరేణిలో బొగ్గు, రాజ్యమంతటా రైల్వే. వీటిలో పనిచేయ వచ్చినవారెవరు? వెట్టి తప్పించుకొని పట్నం చేరిన తెలుగు పల్లె జనులు, చేతివృత్తులు దెబ్బతిన్న నేతవారు, పాతబస్తీలోని బీద ముస్లిములు. పల్లెలో దొర ఉన్నచోట ఇక్కడ మేస్త్రీ ఉన్నాడు. పనిలో పెట్టుకొనేది అతడే, తీసివేసేది అతడే, మధ్యలో మామూలు పుచ్చుకొనేదీ అతడే. దేశంలోని మిల్లులన్నిటా ఈ పద్ధతి ఉన్నట్లు 1931లో నివేదిక సమర్పించిన రాయల్ కమిషన్ కూడా గుర్తించింది.

యుద్ధకాలంలో ధాన్యం, గుడ్డ, కిరోసిన్ ధరలు మండిపోయాయి. కూలి ఆ వేగంతో పెరగలేదు. పక్కనే ఉన్న బ్రిటిషు ఇండియాలో కార్మిక సంఘాల చట్టం 1926లోనే వచ్చింది. 1934 నాటి చట్టం ఏడాది పొడుగునా నడిచే ఫ్యాక్టరీలలో వారానికి 54 గంటల పరిమితి విధించగా, 1946లో దానిని 48 గంటలకు తగ్గించారు. నిజాము రాజ్యంలో ఆ చట్టాలు చెల్లవు. సంఘం పెట్టుకొనే హక్కుకు గుర్తింపు ఇక్కడ చాలా ఏళ్ళు ఆలస్యంగా లభించింది. ఒకే పని చేసే ఇద్దరు కార్మికులలో ఒకడు సరిహద్దుకు ఆవల ఉన్నందున ఒక హక్కు పొందుతాడు, మరొకడు ఈవల ఉన్నందున పొందడు. ఈ అసమానత మఖ్దూంను మరింత కలచివేసింది.

ఆయన పద్ధతి సామాన్యమైనది, ఓర్పుతో కూడినది. షిఫ్టు మారే వేళ గేటు దగ్గర నిలబడి మాట్లాడటం, బస్తీలలో రాత్రిపూట సమావేశం కావటం, అణా అర్ధణా చందాలు పోగుచేయటం, కోరికల పట్టిక తయారుచేయటం. కరువు భత్యం, పని గంటల తగ్గింపు, సెలవులు, తొలగింపబడినవారిని తిరిగి చేర్చుకోవటం, అన్నిటికీ మిన్నగా సంఘానికి గుర్తింపు, ఇవి ఆనాటి ముఖ్యమైన కోరికలు. ముషాయిరాలో వేలమందిని ఉర్రూతలూగించిన కంఠమే గేటు దగ్గర ధరల లెక్కలు వివరించింది. ఆయన పాటలు సమ్మె ఊరేగింపులలో చదువురానివారి నోళ్ళలో కూడా నానాయి. సిగరెట్ల ఫ్యాక్టరీలోను, ఆల్విన్‌లోను, షాబాదు సిమెంటులోను, మరికొన్ని చోట్ల కూడా సంఘాలు వేళ్ళూనాయి. 1946లో ఈ సంఘాలన్నీ కలసి అఖిల హైదరాబాదు ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుగా ఏర్పడగా, మఖ్దూం దానికి అధ్యక్షులయ్యారు. డాక్టర్ రాజ్ బహదూర్ గౌడ్ ఆయనకు కుడిభుజంగా నిలిచారు.

సరిగా అదే ఏడు పల్లెలలో కూడా నిప్పు రాజుకొన్నది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు బలియై, తెలంగాణ రైతాంగ పోరాటం తీవ్రరూపం దాల్చింది. అంతకు ముందే 1940లో తన భూమికోసం విసునూరు దేశముఖు నెదిరించిన బందగీ హత్యకు గురయ్యాడు. ఆ బందగీ ఒక పేద ముస్లిం రైతు. ఆయన కథ ఆధారంగానే మా భూమి నాటకం తెలుగునాట ఊరూరా ఆడింది. పల్లె వెట్టికీ పట్నపు కూలికీ ఉన్న సంబంధం మఖ్దూంకు స్పష్టంగా తెలుసు. గడీలో దొర అధికారం కూలనంత కాలం ఫ్యాక్టరీలో మేస్త్రీ పెత్తనం కూలదని ఆయన నమ్మారు. తెలంగాణ స్త్రీని సంబోధిస్తూ ఆయన వ్రాసిన ఉర్దూ కవిత ఈ నమ్మకం నుండి పుట్టినదే.

ఇక్కడ ఒక విషయం మా కళాశాల విద్యార్థులకు ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. నిజాము ముస్లిం ప్రభువు. ఆయన రాజ్యం నిలవటమే ముస్లిముల క్షేమమని ఆనాడు రజాకార్లు బోధించారు. అనేకులు నమ్మారు కూడ. అటువంటి కాలంలో మఖ్దూం ప్రభువు మతాన్ని చూడలేదు, బందగీవంటి బీదల కడుపును చూశారు. దేశముఖులలో హిందువులు అధికులు, జాగీర్దారులలో ముస్లిములు అధికులు. వారి క్రింద నలిగినవారిలో రెండు మతాలవారూ ఉన్నారు. ఈ సత్యం చెప్పినందుకు సొంతవారి నిష్ఠూరం ఎంత భరించవలసి వచ్చి ఉంటుందో ఊహించటం కష్టం కాదు. 1946 చివరి మాసాలలో కమ్యూనిస్టు పార్టీ నిషేధింపబడగా ఆయన అజ్ఞాతవాసంలోకి వెళ్ళారు.

1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాము పాలన అంతమైంది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. పోరాడినవారి కోరికలు కొంతవరకు శాసనరూపం ధరించాయి. కాని మఖ్దూంకు స్వేచ్ఛ లభించలేదు. 1951లో ఆయనను బంధించి హైదరాబాదు కేంద్ర కారాగారంలో ఉంచారు. ఖైద్ అన్న ఆయన ప్రసిద్ధ కవిత అక్కడ వ్రాసినదే. ఈ కాలంలోనే మరొక విషాదం కూడ జరిగింది. జాగీర్లమీద, ప్రభుత్వపు చిన్న కొలువులమీద, సైన్యంమీద ఆధారపడిన వేలాది ముస్లిం కుటుంబాలు ఒక్కసారిగా ఉపాధి కోల్పోయాయి. నిన్నటి జమేదారు నేడు రిక్షా త్రొక్కాడు, పరదా చాటు స్త్రీలు బీడీలు చుట్టారు. శ్రామికుల పక్షాన మఖ్దూం పలికిన పలుకులు ఇక ఆ కుటుంబాల పక్షాన కూడా పలికినవే అయ్యాయి. ఆయన మారలేదు, శ్రామికుల వరుసలోకి వారే వచ్చి చేరారు.

1952లో విడుదలైన తరువాత సాధారణ ఎన్నికలలో ఆయనకు నగరంలో పరాజయం కలిగింది. అదే సంవత్సరం నల్లగొండ జిల్లా హుజూర్‌నగర్ స్థానానికి జరిగిన ఉప ఎన్నికలో పీపుల్స్ డెమోక్రాటిక్ ఫ్రంటు అభ్యర్థిగా జయం పొందారు. హుజూర్‌నగర్ అచ్చమైన తెలుగు సీమ. ఆయన కవిత్వంలోని ఒక్క షేర్‌కు కూడా అర్థం తెలియని రైతు కూలీలు ఆయనను తమ ప్రతినిధిగా ఎన్నుకొన్నారు. ఉర్దూ, తెలుగు విద్యార్థులు ఒకే కప్పు క్రింద చదివే మా వంటి కళాశాలకు ఇంతకన్న గొప్ప ఉదాహరణ లేదు. భాష తెలియకపోయినా తమకోసం పాటుపడిన మనిషిని జనులు గుర్తుపట్టగలరని ఆ ఎన్నిక నిరూపించింది.

1950లలో కొంతకాలం వియన్నాలో ప్రపంచ కార్మిక సంఘాల సమాఖ్య కార్యాలయంలో పనిచేసి, అనేక దేశాల శ్రామికుల స్థితిగతులను ఆయన పరిశీలించారు. తిరిగి వచ్చిన తరువాత ఆంధ్రప్రదేశ్ శాసనమండలి సభ్యులై, అక్కడ తన పార్టీకి నాయకత్వం వహిస్తూ తుదివరకు కొనసాగారు. కాంగో నాయకుడు లుముంబా హత్యకు చలించి వ్రాసిన కవిత, అమెరికాలో నీగ్రో జాతి హక్కులకై ప్రాణమిచ్చిన మార్టిన్ లూథర్ కింగు స్మృతికి అర్పించిన కవిత ఆయన హృదయ వైశాల్యానికి సాక్ష్యాలు. గుల్-ఎ-తర్ 1961లో, బిసాత్-ఎ-రక్స్ 1966లో వెలువడ్డాయి. రెండవదానికి 1969లో సాహిత్య అకాడెమీ బహుమతి లభించింది. 1964 నాటి చా చా చా, ఆయన మరణానంతరం 1982లో వచ్చిన బజార్ చిత్రాలు ఆయన ప్రేమగీతాలను దేశమంతటా వ్యాపింపజేశాయి.

1969 ఆగస్టు 25వ తేదీన ఢిల్లీలో మఖ్దూం కన్నుమూశారు. పార్థివదేహాన్ని హైదరాబాదుకు తెచ్చి ఖననం చేశారు. హిమాయత్‌నగర్‌లోని మఖ్దూం భవన్ ఆయన పేరును నిలుపుతున్నది.

ఆయన గతించి అర్ధశతాబ్దం దాటింది. ఆయన ఆశించినవన్నీ సిద్ధించాయని చెప్పలేము. వెట్టి పోయింది, వారానికి 48 గంటల పరిమితి చట్టమైంది, బీడీ కార్మికులకు 1966లో ప్రత్యేక శాసనం వచ్చింది. అయినా మన దేశపు శ్రామికులలో అత్యధికులు ఏ సంఘమూ, ఏ నియామక పత్రమూ లేని అసంఘటిత రంగంలోనే ఉన్నారు. మేస్త్రీ స్థానంలో కాంట్రాక్టరు వచ్చాడు. మురుగుకాల్వలలో దిగేవాడు ఏ కులంవాడో, ఇంటింట బీడీలు చుట్టేది ఏ బస్తీ స్త్రీయో అడగనక్కరలేకుండానే నేటికీ చెప్పవచ్చు. పని పంచబడే తీరులో పుట్టుకకు ఉన్న పాత్ర ఇంకా తొలగిపోలేదు.

దూరపు ఉదాహరణలు ఎందుకు? మా తరగతులలోనే తల్లి చుట్టిన బీడీల కూలితో ఫీజు చెల్లించే విద్యార్థులున్నారు. రాత్రంతా గాజుల బట్టీ దగ్గర పనిచేసి ఉదయం మొదటి గంటలో కునికిపాట్లు పడేవారున్నారు. ఒకప్పుడు అటువంటి విద్యార్థిని శ్రద్ధలేనివాడని మేము తరగతి నుండి వెలుపలికి పంపాము. కారణం తెలిసిన తరువాత మా అజ్ఞానానికి మేమే సిగ్గుపడ్డాము. మఖ్దూం గజళ్ళు పాఠం చెప్పిన వారము, ఆయన జీవితం మాత్రం మేము నేర్చుకోలేదని ఆనాడు తెలిసింది.

కళాశాల కమిటీ పెద్దలకు ఈ సందర్భంలో ఒక మనవి చేసుకుంటున్నాము. మన ఆవరణ ఊడ్చేవారు, రాత్రి కాపలా కాసేవారు, నీళ్ళు అందించేవారు చాలాకాలంగా దినకూలి మీద, కాంట్రాక్టు మీద పనిచేస్తున్నారు. వారికి వారానికొక సెలవు జీతంతో ఇవ్వటం, నెలనెలా జీతపు చీటీ వ్రాసి ఇవ్వటం సంస్థకు పెను భారం కాదు. ఏటా ఫిబ్రవరి 4న మఖ్దూం జయంతి జరిపి ముషాయిరా ఏర్పాటు చేయటం ఎంతో బాగుంటుంది. ఆ సభలో వారికి ముందువరుసలో కుర్చీలు వేయటం ఇంకా బాగుంటుంది. మా ఈ మాటలో చనువు మీరినట్లు తోస్తే పెద్దలు మన్నింతురు గాక.

విద్యార్థులకు మేము చెప్పదలచినది ఒక్కటే. మీరందరూ ఉద్యోగాలు విడిచిపెట్టవలసిందని మేము అనము. ముందుగా ఉద్యోగాలు సంపాదించండి, తల్లిదండ్రుల కష్టం తీర్చండి. ఆ తరువాత మీ క్రింద పనిచేసేవారి పేరేమిటో, వారికి జీతం ఏ తేదీన అందుతుందో, వారు ఏ వేళకు ఇల్లు చేరుతారో తెలుసుకోండి. అందోలు బాలుడు కలగన్న దస్తర్ఖాన్ ఇంకా పూర్తిగా పరచబడలేదు. దాని ఒక కొసను పట్టుకొనే అవకాశం మనలో ప్రతి ఒక్కరికీ ఉన్నది.